కాంటా మీద నా రోజులు

2024 జూన్. మిర్చి సీజన్ అయిపోయి వరంగల్ ఎనుమాముల మార్కెట్ కాస్త తెరిపిన పడ్డ రోజులు. నేనక్కడ ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. పదహారేళ్లుగా కాంటాల దగ్గర, బస్తాల మధ్య తిరిగినవాణ్ని. అప్పటికి నా వయసు 39. దవాఖానలో రాత్రి గడిపింది మా పాప పుట్టినప్పుడు ఒక్కసారే.

జ్వరంతో మొదలైంది. కీళ్లన్నీ పట్టేసినట్టు నొప్పులు. మా వాడలో ఇంటికొకరు పడుకుని ఉన్నారు కాబట్టి అందరికీ వచ్చిందే మనకూ వచ్చిందనుకున్నాం. సందు చివర ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఒక నొప్పి సూది, నాలుగు గోలీలు. సాయంత్రానికి తేలికయ్యేది, తెల్లారేసరికి మళ్లీ మొదలు. మళ్లీ సూది. అట్లా పన్నెండు రోజులు. ఆయన మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఒక్కసారి బీపీ పట్టీ చుట్టి చూసి ఉంటే చాలు. నేను కూడా అడగలేదు. తలనొప్పి రెండేళ్లుగా వస్తూనే ఉంది. ఎండకనుకున్నాను, మిర్చి ఘాటుకనుకున్నాను.

తర్వాత కాళ్లు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయేది. పొద్దున లేచేసరికి మొహం నిండుగా కనబడేది. మా అమ్మ చూసి, "ఇన్నొద్దులకు జర ఒళ్లు జేసినవ్ కొడుకా" అని సంతోషపడింది. ఆ మాట గుర్తొస్తే ఆమె ఇప్పటికీ చెంపలేసుకుంటుంది.

అన్నం చూస్తే వాంతి. నోట్లో ఇనుప రుచి. మూత్రం రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ కొంచెమే, నురగ నురగగా. చివరికి ఒక రాత్రి పడుకుంటే ఊపిరాడలేదు. లేచి కూర్చుంటే కొంత నయం. గోడకు ఆనుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. ఐదింటికి ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు.

బీపీ 210/120. రక్తం తీసుకుపోయిన ల్యాబ్ పిల్లగాడు గంట తర్వాత తిరిగొచ్చి, "అన్నా, ఇంకోసారి రక్తం ఇస్తవా, మిషన్ల ఏదో తేడా ఉన్నట్టుంది" అన్నాడు. తేడా ఏమీ లేదు. కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్ 12.4. ఒకటికి అటూ ఇటూ ఉండాల్సింది. పొటాషియం 6.4, హిమోగ్లోబిన్ 6.8. నడిచి వచ్చిన మనిషికి ఇవి ఉండాల్సిన అంకెలు కావు కాబట్టి అతనికి అనుమానం వచ్చింది.

స్కాన్‌లో రెండు కిడ్నీలూ ముడుచుకుపోయి కనిపించాయి. మామూలుగా పది సెంటీమీటర్ల దాకా ఉండేవి నాకు ఏడున్నర ఉన్నాయి. కిడ్నీల డాక్టరమ్మ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని చెప్పారు. బీపీ ఎన్నేళ్లుగానో లోపల తన పని తాను చేసుకుంటూ పోయింది. మిగిలిన కొంచెం శక్తిని జ్వరం, వాంతులు, నొప్పి సూదులు కలిసి తుడిచిపెట్టాయి. "ఇది మీకు అకస్మాత్తుగా తెలిసింది. కిడ్నీలకు చాలా రోజుల నుంచి తెలుసు" అన్నారు. కిడ్నీ ముక్క తీసి చూసే బయాప్సీ చేసినా లాభం లేదు, ఇంత ముడుచుకున్నవి మళ్లీ కోలుకోవు అన్నారు. అందుకే రాస్తున్నాను. ముప్పై దాటినవాళ్లు ఎవరైనా సరే, ఒంట్లో బాగున్నా సరే, ఏడాదికోసారి బీపీ చూపించుకోండి. ఒక మూత్ర పరీక్ష, ఒక క్రియాటినిన్. మా మార్కెట్లో రెండు చాయ్‌లు, ఒక పాన్ మానుకుంటే నెల తిరిగేసరికి ఆ పైసలు మిగులుతాయి.

ఆ రోజే మెడ దగ్గర నరంలో గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. మొదటి రోజు రెండు గంటలు. మర్నాడు మూడు. మూడో నాడు నాలుగు. మూడో నాటికి పడుకుని నిద్రపోగలిగాను. అప్పుడు నాకు రోగం నయమైపోయిందనే అనిపించింది. "ఇంకెన్నిసార్లు చేయాలి సార్?" అని టెక్నీషియన్‌ను అడిగాను. ఆయన మిషన్ వైపు తిరిగి ఏదో బటన్ నొక్కుతూ, "డాక్టర్‌గారిని అడుగు అన్నా" అన్నాడు. ఆ తిరగడంలోనే నాకు అర్థమైంది.

ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు. తెల్లవారుజామున ఐదున్నర షిఫ్ట్. ప్రభుత్వ సెంటర్లో ఆరోగ్యశ్రీ కింద చేస్తారు, మనం పైసా కట్టే పని లేదు. డయాలసిస్ వాళ్లకు ఆసరా పింఛన్ 2,016 రూపాయలు కూడా ఇస్తున్నారు. సెంటర్‌లోకి పోగానే మొదటి పని చెప్పులు విప్పి కాంటా ఎక్కడం. దిగాక మళ్లీ కాంటా ఎక్కడం. ఈ మధ్యలో ఎంత నీరు తీయాలనేది ఆ అంకెను బట్టే.

ఇక్కడ 'డ్రై వెయిట్' అనే మాట ఉంది. ఒంట్లో అదనపు నీరు ఏమీ లేనప్పుడు ఉండే బరువు. సెంటర్లో చాలామందికి ఇది చాలా రోజులు అర్థం కాదు. నాకు మాత్రం ఒక్కసారి చెబితే చాలు, ఎందుకంటే నా బతుకంతా ఆ లెక్కే. మార్కెట్‌కు పత్తి వస్తే ముందు తేమ చూస్తారు. ఎనిమిది శాతం ఉంటే పూర్తి ధర, పన్నెండు దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు ముట్టరు. మిర్చి అయితే గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపి చూస్తాం. లోపల గింజలు గలగలమంటే ఎండింది, చప్పుడు లేకపోతే తేమ ఉంది. తేమ ఉన్న బస్తా కాంటా మీద బరువు తూగుతుంది, కానీ అది సరుకు బరువు కాదు. నా ఒళ్లు కూడా అంతే. సోమవారం పొద్దున 61 తూగుతాను, నేను ఉన్నది 58. మిగతా మూడు కిలోలు తాగిన నీళ్లు, చారు, మజ్జిగ, అన్నంలో తడి. వాటికి బయటికి పోయే దారి లేదు. ఊపిరితిత్తుల్లోకో కాళ్లలోకో చేరతాయి.

ఆ మూడు కిలోలు నాలుగు గంటల్లో లాగాలి. అంతకంటే ఎక్కువ తెచ్చుకుంటే గుండెకు భారం, బీపీ పడిపోతుంది, చివరి గంటలో పిక్కలు పట్టేస్తాయి. ఆ నొప్పి చెప్పడానికి నాకు మాట రాదు. పిక్కలో కండ తాడులా మెలిపడి గట్టిపడుతుంది, పక్కన ఉన్నవాళ్లు పాదం పట్టి పైకి వంచాలి. నా పక్క బెడ్ మీది పెద్దాయన, నర్సంపేట వైపు రైతు, తన చేతికి సూదులున్నా రెండో చెయ్యి చాచి నా కాలు పట్టుకోబోయేవాడు. అందేది కాదు. అయినా చాచేవాడు.

ఒక లెక్క చెప్తాను. మిషన్‌లో ఫిల్టర్ అవతలి వైపు నిమిషానికి అర లీటరు నీరు పోతూ ఉంటుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు. నా రక్తం ఒక్కసారి కడగడానికి 120 లీటర్ల నీళ్లు కావాలి. నాకు తాగడానికి రోజుకు 700 మిల్లీలీటర్లు. ముందురోజు ఎంత మూత్రం వచ్చిందో దానికి అర లీటరు కలిపి ఈ లెక్క కట్టారు. వరంగల్‌లో మే నెలలో 44 డిగ్రీలు ఎక్కుతుంది. ఆ ఎండలో 700.

నా భార్య పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెడుతుంది. చాయ్ తాగితే అంత ఒంపేస్తుంది. గోలీలు వేసుకునే నీళ్లు కూడా అందులోవే. మా ఇంట్లో రాగి చెంబు లోపలికి పోయింది, దాని బదులు చాయ్ గ్లాసు వచ్చింది. గుక్క పట్టి తాగడం మానేసి నాలుక తడిసేటట్టు తాగడం నేర్చుకున్నాను. ఐస్ ముక్క ఒకటి నోట్లో పెట్టుకుంటే అరగంట నడుస్తుంది. నిమ్మకాయ బద్ద నాకితే నోరు ఊరుతుంది. ఉప్పు తగ్గిస్తే దాహమే తగ్గుతుంది, ఇది అన్నిటికంటే ముఖ్యం. నాకు తెలుసుకోవడానికి ఆరు నెలలు పట్టింది. ఊరగాయ ముక్క ఒకటి వేసుకుంటే ఆ రోజు సీసా మధ్యాహ్నానికే ఖాళీ.

2025 ఏప్రిల్‌లో ఒక రాత్రి తట్టుకోలేకపోయాను. అందరూ నిద్రపోయాక పెరట్లో బోరు నల్లా విప్పి, దోసిలి పట్టి తాగాను. కడుపు చల్లగా నిండుతుంటే ఆపలేకపోయాను. వెనక్కి తిరిగితే గడప దగ్గర నా భార్య నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. ఏమీ అనలేదు. నల్లా కట్టేసి లోపలికి పోయి వంటింట్లో నేల మీద కూర్చుంది. నేనే అరిచాను, "గుక్కెడు నీళ్లు తాగనియ్యరా నన్ను?" అని. పాప లేచింది. మర్నాడు సెంటర్లో 62.3 తూగాను. ఆ తర్వాత గమనించాను, ఎన్నాళ్ల నుంచో ఆమె నా ముందు నీళ్లు తాగడం లేదు. వంటింట్లోకి పోయి గ్లాసు చప్పుడు కాకుండా తాగుతుంది. ఇంత బాధలో నేను ఒక్కణ్నే దాహంతో ఉన్నాననుకున్నాను.

నీళ్ల తర్వాత పొటాషియం. ఇది కనబడదు, కాంటా మీద తూగదు. అందుకే ఎక్కువ భయం. నేను పడ్డాక రెండో నెలలో దగ్గరి చుట్టం ఒకాయన పరామర్శకు వస్తూ ఆరు కొబ్బరి బోండాలు తెచ్చాడు. కిడ్నీలు కడిగినట్టవుతాయని ఎవరో చెప్పారట. ప్రేమతో తెచ్చింది. ఆదివారం, డయాలసిస్ లేని రెండో రోజు. రెండు తాగాను. రాత్రికి కాళ్లు చేతులు మెత్తబడ్డాయి, మెట్టు ఎక్కడానికి కాలు లేవలేదు. గుండె ఒక్కసారి కొట్టుకోడం మానేసి మళ్లీ మొదలైనట్టు. దవాఖానలో ఈసీజీ తీసి చూసి పరుగులు పెట్టారు. కాల్షియం సూది, గ్లూకోజ్‌లో ఇన్సులిన్, వెంటనే డయాలసిస్. పొటాషియం 7.1. మంచి కిడ్నీలకు కొబ్బరినీళ్లు అమృతం, పాడైన కిడ్నీలకు విషం. ఈ ఒక్క మాట మీ ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే ముందే అందరికీ చెప్పి పెట్టండి. బీపీ వాళ్లకు అని అమ్మే సోడియం తక్కువ ఉప్పు కూడా అంతే, అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు.

ఇప్పుడు మా ఇంట్లో కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు పోపు వేస్తారు. సోరకాయ, బీరకాయ, దొండకాయ. ఆలుగడ్డ, టమాట, తోటకూర, చింతపండు దాదాపు మానేశాం. పచ్చిపులుసు లేని భోజనం మా ఇంట్లో భోజనమే కాదు, అదీ పోయింది. అయితే గుడ్డు తినమంటారు, చేప ముక్క తినమంటారు. డయాలసిస్‌లో మాంసకృత్తులు కొంత కొట్టుకుపోతాయి కాబట్టి తినకపోతే కండ కరిగిపోతుంది. చుట్టాలు మాత్రం "కిడ్నీ రోగికి గుడ్డు పెడుతున్నవా?" అని నా భార్యను నిలదీసేవాళ్లు. డయాలసిస్ మొదలవకముందు పథ్యం వేరు, మొదలయ్యాక వేరు. చెప్పి చెప్పి ఆమె అలిసిపోయింది.

డయాలసిస్ సూదులు పెట్టడానికి ఎడమ మణికట్టు దగ్గర ఫిస్టులా చేశారు. ధమనిని సిరతో కలిపి కుట్టడం. అది గట్టిపడడానికి రెండు నెలలు, అప్పటిదాకా రబ్బరు బంతి పిసుకుతూ కూర్చోవాలి. వేలు పెట్టి చూస్తే గుప్పిట్లో తుమ్మెదను మూసినట్టు జుమ్మంటుంది. పొద్దున లేవగానే కళ్లు తెరవకముందే నా కుడి చెయ్యి దాని మీదికి పోతుంది. జుమ్మంటే ఈ పూటకు ఉన్నట్టు. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వకూడదు, సూది వేయనివ్వకూడదు, గడియారం పెట్టుకోకూడదు, బరువు ఎత్తకూడదు. బస్తాకు చెయ్యి వేయకూడదంటే మార్కెట్లో ఇంక నా పనేమిటి? సావుకారు మంచోడు. మంగళ, గురువారాలు మధ్యాహ్నం వచ్చి జమాఖర్చు రాసుకొమ్మన్నాడు. జీతం సగమైంది. కానీ ఆ రెండు పూటలు నన్ను ఎవరూ "ఎట్లున్నది?" అని అడగరు. "క్వింటాల్ ఎంత పలికింది?" అని అడుగుతారు. నాకు అది మందు.

ఇక కిడ్నీ ఎవరిస్తారు అనే మాట. ఇది రాయడం అన్నిటికంటే కష్టం.

1994 చట్టం ప్రకారం దగ్గరి రక్తసంబంధీకులు, భార్యాభర్తలు ఇవ్వొచ్చు. తర్వాత తాత, నానమ్మ, అమ్మమ్మ, మనవలను కూడా చేర్చారు. మా అమ్మ మొదటి రోజే "నాది తీసుకోండ్రి" అంది. ఆమెకు 63, పదేళ్లుగా షుగర్. డాక్టర్లు కుదరదన్నారు. అమ్మ ఒప్పుకోలేదు, వేరే డాక్టర్‌ను అడుగుదామంది. నా భార్యది బీ గ్రూపు, నాది ఓ. ఓ గ్రూపు రక్తం ఎవరికైనా పనికొస్తుంది, ఓ గ్రూపు మనిషికి మాత్రం ఓ తప్ప ఏదీ పనికిరాదు. జతలు మార్చుకునే స్వాప్ పద్ధతి ఉంది. అంటే మాలాగే గ్రూపు కుదరని ఇంకో జంటతో ఇచ్చిపుచ్చుకోవడం. దాంట్లోనూ ఓ గ్రూపు దాత ఉన్న జంట దొరకడం కష్టం, ఎందుకంటే ఓ ఉన్నవాళ్లు స్వాప్ లేకుండానే తమ ఇంట్లో వాళ్లకు నేరుగా ఇచ్చుకోగలరు.

మా చెల్లెది ఓ. ఫోన్లో "అన్నా, నేనిస్త" అంది. వారం తర్వాత ఫోన్ చేసి ఏడ్చింది. అత్తగారింట్లో ఒప్పుకోలేదు. ఇద్దరు చిన్నపిల్లలు, రేపు ఆమెకేమైనా అయితే అని వాళ్ల భయం. అది తప్పు భయం కాదు. నేనామెకు చెప్పింది ఒకటే, ఈ విషయం మన మధ్య ఇంక ఎత్తవద్దు, రాఖీకి రావడం మానవద్దు అని. వచ్చింది. కుడి చేతికే కట్టింది.

పరీక్షల కోసం హైదరాబాద్ తిరుగుతున్నప్పుడు వరండాలో కూర్చుని చూశాను. కిడ్నీ తీసుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. ఇచ్చేవాళ్లు తల్లులు, భార్యలు, అక్కలు. ఆడమనిషికి జబ్బు చేస్తే ఎవరిస్తున్నారు? మా సెంటర్లో నాతోపాటు సూదులు పెట్టించుకునే ఆడవాళ్లలో ఎవరికీ ఇంట్లోవాళ్లు ముందుకొచ్చిన దాఖలా నాకు కనబడలేదు. నేను తీసుకునే వరసలో ఉన్నవాణ్నే కాబట్టి ఈ మాట అనడానికి నాకు హక్కుందో లేదో. కానీ చూశాక రాయకుండా ఉండలేను.

అట్లా మిగిలింది జీవన్‌దాన్. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలను వరస ప్రకారం ఇచ్చే ప్రభుత్వ పథకం, 2013లో మొదలైంది. ఆఫీసు పంజాగుట్ట నిమ్స్‌లో ఉంటుంది. మనం నేరుగా పోయి పేరు రాయించుకోవడం కాదు, మార్పిడి చేసే దవాఖాన ద్వారా నమోదు చేయించుకోవాలి. ముందు గుండె ఎకో, ఊపిరితిత్తులు, హెపటైటిస్, హెచ్‌ఐవీ, టిష్యూ టైపింగ్, చివరికి పళ్ల డాక్టర్ సర్టిఫికెట్ కూడా. పుచ్చిపన్ను ఒకటి ఉంటే పీకించుకున్నాను, ఎందుకంటే మార్పిడి తర్వాత వాడే మందులు రోగ నిరోధక శక్తిని అణిచేస్తాయి, పంటిలో చీము కూడా ప్రాణం మీదికొస్తుంది. హెపటైటిస్ బీ టీకాలు మామూలు మోతాదుకు రెట్టింపు. 2025 ఫిబ్రవరిలో నా పేరు ఎక్కింది.

ప్రభుత్వ దవాఖానల్లో ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కిందే అవుతుంది. 2023 డిసెంబర్‌లో దాని పరిమితి ఐదు నుంచి పది లక్షలకు పెంచారు. కాబట్టి పైసల కంటే ఇప్పుడు నా టెన్షన్ వేరే. ఫోన్ వచ్చిన రోజు నా ఒళ్లు సిద్ధంగా ఉండాలి. జ్వరం ఉండకూడదు, దగ్గు ఉండకూడదు, ఫిస్టులా దగ్గర ఎర్రగా ఉండకూడదు. హిమోగ్లోబిన్ ఏడులో ఉన్నప్పుడు మా బావమరిది, "రక్తం ఎక్కిస్తే అయిపోతది గద" అన్నాడు. డాక్టరమ్మ వద్దన్నారు. వేరేవాళ్ల రక్తం ఎక్కితే ఒంట్లో యాంటీబాడీలు పుట్టొచ్చు, రేపు వచ్చే కిడ్నీని అవి తిరగ్గొడతాయి. బదులుగా వారం వారం ఒంట్లో రక్తం పుట్టించే ఎరిత్రోపోయిటిన్ సూది, ఐరన్ సూది. నెమ్మదిగా పదికి వచ్చింది. ఎదురుచూడడమంటే చేతులు ముడుచుకు కూర్చోవడం అనుకునేవాణ్ని. ఇది రోజంతా చేసే పని.

పోయిన ఏడాది బతుకమ్మ రోజుల్లో ఫోన్ మోగింది. రాత్రి పదికి పది నిమిషాలు తక్కువ. వాడలో ఆడవాళ్లు ఇంకా ఆడుతున్నారు, చప్పట్లు వినబడుతున్నాయి. "ఒక ఓ గ్రూపు కిడ్నీ వచ్చే అవకాశం ఉంది. మీరొక్కరే కాదు, ఇంకా ముగ్గురిని పిలుస్తున్నాం. ఏమీ తినకండి, తాగకండి. ఎంతసేపట్లో రాగలరు?" నేను మూడు గంటలన్నాను. పాప పరుగెత్తి వాళ్లమ్మను పిలుచుకొచ్చింది. చేతులకు పసుపు, కొంగున తంగేడు రేకులు. అట్లాగే కారెక్కింది.

జనగామ, ఆలేరు, భువనగిరి. దారంతా ఊరి ఊరికీ బతుకమ్మలు పెట్టిన చోట లైట్లు. ఘట్‌కేసర్ దాటాక నా భార్య మెల్లగా, "ఆ ఇంట్ల ఇప్పుడు ఎట్లుంటదో" అంది. ఏ ఇంట్లో అని నేనడగలేదు. ఏడు నెలలుగా నేను ఈ ఫోన్ రావాలని దేవుణ్ని మొక్కుతున్నాను. ఆ మొక్కుకు అర్థం ఏమిటో ఆ క్షణంలో తెలిసొచ్చింది. ఎక్కడో ఒక ఇంట్లోంచి పొద్దున పనికి పోయిన మనిషి రాత్రి వెంటిలేటర్ మీద ఉన్నాడు. గుండె కొట్టుకుంటూ ఉండగానే వాళ్లమ్మకో భార్యకో "ఇంక లేడు" అని డాక్టర్లు చెప్పి ఉంటారు. అది నమ్మలేని స్థితిలో కూర్చుని వాళ్లు సంతకం పెట్టి ఉంటారు. ఎవరో మాకు చెప్పరు, చెప్పకూడదు. ఆ రోజు నుంచి నా మొక్కు మార్చుకున్నాను. ఫోన్ రావాలని మొక్కను. వస్తే దానికి తగ్గట్టు నన్ను ఉంచమని మొక్కుతాను.

రక్తం తీసుకున్నారు. క్రాస్‌మ్యాచ్ అంటే దాత కణాలతో మన రక్తాన్ని కలిపి చూడడం, దానికి గంటలు పడుతుంది. బెంచీల మీద నాలుగు కుటుంబాలు. ఎవరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. అందరికీ కావలసింది ఒక్కటే కదా. తెల్లవారి ఆరింటికి వచ్చి ఒక పిల్లవాణ్ని పిలిచారు. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి, నాకంటే బాగా కుదిరింది. అతని తల్లి లేచి నిలబడి మా వైపు చూడలేకపోయింది. నా భార్య పోయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పసుపు ఇంకా పోలేదు, ఆమె జాకెట్‌కు అంటింది.

సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగాం. దారిలో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చి సీసాలోంచి చాయ్ గ్లాసు నిండా నీళ్లు పోసి ఇచ్చింది. ఆ రోజు మొదటి నీళ్లు అవే. మర్నాడు ఐదున్నరకు మళ్లీ కాంటా.

దసరా తర్వాత సోమవారం నర్సంపేట పెద్దాయన రాలేదు. బుధవారం ఆ బెడ్ మీద కొత్త మనిషి పడుకుని, "ఇంకెన్నిసార్లు చేస్తరు అన్నా?" అని నన్ను అడిగాడు. నేను మొహం తిప్పుకోలేదు. షిఫ్ట్ అయ్యేదాకా కూర్చుని నాకు తెలిసినంత చెప్పాను. కాంటా సంగతి, ఉప్పు సంగతి, కొబ్బరి బోండాల సంగతి. వాళ్లింట్లో ఎవరెవరున్నారో అడిగి, జీవన్‌దాన్‌కు ఇప్పుడే పరీక్షలు మొదలుపెట్టుకొమ్మన్నాను. నేను ఎనిమిది నెలలు ఆలస్యం చేశాను. మందులతో తగ్గుతుందేమో అని ఎదురుచూసి పోగొట్టుకున్న ఎనిమిది నెలలవి.

ఇప్పుడు 2026 జనవరి. నెలాఖరుకు మేడారం జాతర. హన్మకొండలో బెల్లం దుకాణాల ముందు కాంటాలు వేలాడుతున్నాయి. నేను పడ్డ కొత్తల్లోనే మా అమ్మ సమ్మక్క సారలమ్మలకు నా నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, మొక్కింది. కిడ్నీ వచ్చాక ఇద్దామన్నాను. ఆమె వినలేదు, "నువ్వు నా ముందట నడుస్తున్నవ్ గద, గది చాలదా మొక్కు తీర్చనీకి" అంది.

శుక్రవారం సెంటర్ నుంచి నేరుగా దుకాణానికి పోయాం. కాంటా ఎక్కబోతుంటే నాకే గుర్తొచ్చి చెప్పాను. "అమ్మా, ఇప్పుడే నీళ్లు తీసిన్రు, 58 ఉన్న. పొద్దున అయితే 60 మీద ఉంటి. ఏ బరువు ఇయ్యాలె?"

అమ్మ దుకాణదారు వైపు తిరిగి, "61 తూకం పెట్టు బిడ్డా" అంది. తర్వాత నాతో, "తల్లుల దగ్గర తరుగు తీస్తమారా కొడుకా?" అంది.